వేసవి పెళ్లి భోజనాలు: వండిన వేళ, వడ్డించే వేళ

తెలుగు నేల మీద పెళ్లిళ్లు దట్టంగా జరిగే వైశాఖ, జ్యేష్ఠ మాసాల్లోనే ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ముహూర్తానికి ఘడియలు, విఘడియలు చూసుకునే మనం, వెయ్యి మందికి వండిన వంట ఆ వేడిలో ఎన్ని గంటలు నిలవుంటుందో మాత్రం చూసుకోము. విందు తరువాత పదుల కొద్దీ జనం వాంతులు, విరేచనాలతో ఆసుపత్రికి చేరినప్పుడు వంటలో ఏదో విషం కలిసిందనుకుంటాం. చాలాసార్లు జరిగేది అది కాదు. మంచి సరుకుతో, శ్రద్ధగా వండిన వంటే గంటల తరబడి గోరువెచ్చగా ఉండిపోయి మనుషులను పడగొడుతుంది.

5 డిగ్రీలకూ 60 డిగ్రీలకూ మధ్య వేడిలో సూక్ష్మజీవులు పెరుగుతాయి. అనువైన పరిస్థితుల్లో కొన్ని ప్రతి ఇరవై నిమిషాలకూ రెట్టింపవుతాయి కనుక, ఒక్కటి ఆరు గంటల్లో రెండున్నర లక్షలు దాటగలదు. వండిన పదార్థాన్ని మామూలు వేడిమిలో రెండు గంటలకు మించి ఉంచవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. గాలి వేడి 32 డిగ్రీలు దాటినప్పుడు ఒక గంటనే హద్దుగా పెట్టుకోవాలి. మన మే నెలలో అర్ధరాత్రి కూడా చాలా ఊళ్లలో గాలి ఆ హద్దుకు దగ్గరగానే ఉంటుంది.

అందరూ మాంసాన్నే అనుమానిస్తారు గాని, నేను ముందుగా చూసేది అన్నాన్ని. బియ్యంలో సహజంగా ఉండే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజరూపంలో ఉడుకును తట్టుకుని బతుకుతుంది. వార్చిన అన్నాన్ని చాపల మీద రాశిగా పోసి గుడ్డ కప్పితే లోపలి వేడి గంటల తరబడి తగ్గదు; ఆ గోరువెచ్చదనంలో బీజాలు మొలకెత్తి, వాంతులు కలిగించే విషాన్ని తయారుచేస్తాయి. ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు, వాసనలోనూ రుచిలోనూ తెలియదు. కాబట్టి సాయంత్రం ఆరుకే అన్నమంతా వండి పెట్టుకోకుండా, బంతి బంతికీ విడిగా ఎసరు పెట్టమని వంటమేస్త్రీతో ముందే మాట్లాడుకోవాలి. పొయ్యికీ మనిషికీ కొంత ఖర్చు పెరుగుతుంది. పందిరి అలంకరణలో తగ్గించుకునైనా ఆ ఖర్చు పెట్టడం న్యాయం. మన పెద్దలు చద్దన్నం తినలేదా అని అడిగేవారుంటారు. నీళ్లలో పులిసిన అన్నంలోని ఆమ్లం చాలా సూక్ష్మజీవుల పెరుగుదలను అణచుతుంది. చప్పిడి అన్నపు రాశికి ఆ రక్షణ లేదు.

మాంసపు కూరలను గుండిగ నిండా వండి పక్కన దించేస్తే ఇదే ప్రమాదం వస్తుంది. కూరలు, పప్పు, సాంబారు వడ్డన ముగిసేదాకా సన్నని సెగ మీద, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉండాలి. ఉదయం వంట మిగిలితే దాన్ని రాత్రి వంటలో కలపవద్దు. పెరుగు, పెరుగుచట్నీ, పాలతో చేసిన తీపి వంటకాలు వడ్డించే వేళ దాకా మంచులోనో ఫ్రిజ్‌లోనో ఉండాలి. పచ్చిగుడ్డుతో చేసే మయోనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరులో ఏడాది పాటు నిషేధించింది. విందులో దాన్ని అసలు పెట్టకపోవడమే మేలు.

చేతికి కోతగాని పుండుగాని ఉన్నవారిని, విరేచనాలు అవుతున్నవారిని వంటకూ వడ్డనకూ దూరంగా ఉంచాలి, అయితే ఆ రోజు కూలి మాత్రం కోయకూడదు. కోస్తారనే భయంతోనే వారు జబ్బును దాచుకుంటారు. పులుసు, పులిహోర కలపడానికి కళాయి (లోపలి తగరపు పూత) పోయిన ఇత్తడి పాత్రలు వాడవద్దు. షర్బతులో వేసే మంచు తాగునీటితో చేసినదేనా అని తప్పక అడగాలి. క్యాటరింగ్ వారికి ఆహార భద్రతను చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చిన 14 అంకెల లైసెన్సు సంఖ్య ఉందో లేదో బయానా ఇవ్వకముందే చూసుకోవాలి.

మిగిలిన వంటను అనాథాశ్రమాలకూ వృద్ధాశ్రమాలకూ పంపడం మంచి మనసుతో చేసే పనే, కాని అర్ధరాత్రి మిగిలినది తెల్లవారి అక్కడికి చేరితే, జబ్బును అందరికన్నా తక్కువగా తట్టుకోగలిగిన వారికే అది అందుతుంది. వారి వాటాను మొదటి బంతి వేసే ముందే వేడివేడిగా పంపండి.

కలుషితాహారం వల్ల ప్రపంచంలో ఏటా చనిపోయేవారు 4 లక్షల 20 వేల మంది అనీ, వారిలో 1 లక్ష 25 వేల మంది అయిదేళ్ల లోపు పిల్లలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో అంచనా వేసింది. అందుకే పెళ్లింట ఓఆర్‌ఎస్ పొట్లాలు ముందుగానే తెచ్చిపెట్టుకోవాలి. లీటరు నీటికి కలపాల్సిన పొట్లాన్ని సరిగ్గా లీటరులోనే కలిపి, కొద్దికొద్దిగా తాగించాలి. పిల్లలకు విరేచనాలు ఆపే మాత్రలు సొంతంగా వేయవద్దు. మలంలో రక్తం, తీవ్రమైన జ్వరం, మూత్రం తగ్గడం, మగతగా పడి ఉండడం కనిపిస్తే, ఆలస్యం చేయకుండా 108కు ఫోన్ చేయాలి.

ప్రతి వంటకాన్నీ కొద్దిగా శుభ్రమైన డబ్బాలో తీసి, పేరు, వేళ రాసి, రెండు రోజులు ఫ్రిజ్‌లో ఉంచండి. ఇద్దరు ముగ్గురు ఒకేసారి జబ్బుపడినా, పరువు పోతుందని దాచకుండా దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తెలియజేయండి. ఏ వంటకం వల్ల అనేది త్వరగా తేలితే, అదే వంటను డబ్బాల్లో కట్టించుకుని బస్సెక్కిన బంధువులకు వారు మూత తీయకముందే కబురు చేయవచ్చు.