వానాకాలంలో కంటైనర్ ఎక్కించే ముందు

జూన్ వచ్చిందంటే హైదరాబాద్ ఎగుమతిదారులకు సముద్రం టెన్షన్ పట్టుకుంటుంది. నాకు మాత్రం సముద్రం నీళ్లకంటే, మన గోడౌన్ దగ్గర సరుకుతో పాటు ఎక్కించి పంపే తేమంటేనే భయం.

కంటైనర్‌కు సీల్ వేశాక లోపలి గాలి దాదాపు లోపలే ఉండిపోతుంది. పగటి ఎండకు మిర్చి బస్తాలు, అట్టపెట్టెలు, చెక్క ప్యాలెట్లు తేమ వదులుతాయి. రాత్రి రేకు చల్లబడగానే అది పైకప్పుకు చెమటలా పట్టి బొట్లు బొట్లుగా సరుకు మీద రాలుతుంది. ఓడ చలిదేశాల వైపు వెళ్లేకొద్దీ ఇది ఇంకా ఎక్కువ. ఒక్క చిల్లు లేని కంటైనర్‌లోనూ పెట్టెలు నానిపోయేది ఇందుకే.

ఖాళీ కంటైనర్ రాగానే ఒకరు లోపలికి వెళ్లాలి, ఇంకొకరు బయట ఉండి తలుపులు మూయాలి. కళ్లు చీకటికి అలవాటు పడ్డాక ఎక్కడైనా వెలుతురు చుక్క కనిపిస్తే వెనక్కి పంపేయండి. తలుపుల రబ్బరు చూడండి. నేల మీద చెయ్యి ఆనించండి. కడిగి ఆరబెట్టకుండా పంపినవీ వస్తుంటాయి. డ్రైవర్ తొందరపెడతాడు, పెట్టనివ్వండి.

ప్యాలెట్ల మీద హెచ్‌టీ (హీట్ ట్రీట్‌మెంట్) ముద్ర ఉంది కదా అని ధీమా పడొద్దు. చెక్క లోపలిదాకా 56 డిగ్రీల వేడిని కనీసం 30 నిమిషాలు పట్టించారని దాని అర్థం. అది పురుగులను చంపడానికే, తేమ కోసం కాదు. ఆ తర్వాత వానలో బయట పడేస్తే చెక్క మళ్లీ నీళ్లు తాగుతుంది. తేమ మీటర్ పెట్టి చూసి, 20 శాతం దాటితే పక్కన పెట్టేయండి. పెట్టెల్లో వేసే చిన్న సిలికా పొట్లాలు మొత్తం కంటైనర్‌కు చాలవు. గోడలకు వేలాడదీసే, తేమ పీల్చే కాల్షియం క్లోరైడ్ సంచులు కావాలి. వాన పడుతుంటే రేకుల షెడ్డు కిందే స్టఫింగ్ (కంటైనర్‌లో సరుకు నింపడం) చేయించండి. ఫోర్క్‌లిఫ్ట్ చక్రాలు తుడవకుండా లోపలికి రానివ్వొద్దు.

2016 జూలై నుంచి వీజీఎం (సరుకుతో సహా కంటైనర్ మొత్తం బరువు ధ్రువీకరణ) ఇవ్వందే కంటైనర్‌ను ఓడెక్కించరు. తడిసిన చెక్క బరువూ అందులోకే వస్తుంది కాబట్టి పాత లెక్క రాసేయకుండా తూకం వేయించండి.

సనత్‌నగర్ ఐసీడీ (లోతట్టు కంటైనర్ డిపో) నుంచి వెళ్లినా, తిమ్మాపూర్ డిపో నుంచి వెళ్లినా, ముంబై దగ్గరి నావాషేవా రేవు దారిలో జూలై వానలు తప్పవు. కటాఫ్‌కు (రేవులో కంటైనర్ తీసుకునే ఆఖరి గడువుకు) ముందురోజు చేరేలా ప్లాన్ వేసుకోకండి, ఇంకొన్ని రోజులు చేతిలో ఉంచుకోండి.

సరుకుకు ఇన్సూరెన్స్ తప్పకుండా చేయించుకోండి. ‘ఆల్ రిస్క్’ అని పేరున్నా, ప్యాకింగ్ సరిగా లేదని తేలితే క్లెయిమ్ రాదు. సరుకు చెడిపోకపోయినా డబ్బు కట్టాల్సిన సందర్భాలూ ఉంటాయి. 2021లో సూయజ్ కాలువలో ఇరుక్కున్న ఎవర్ గివెన్ అనే ఓడ విషయంలో దాని యజమానులు జనరల్ యావరేజ్ ప్రకటించారు. అంటే ఓడను బయటపడేసిన ఖర్చులో సరుకు యజమానులూ వాటా పంచుకోవాలి. ఇన్సూరెన్స్ లేనివాళ్లు డిపాజిట్ కట్టందే సరుకు చేతికి రాదు.

ఫొటోలు తీయండి: ఖాళీగా, సగం నిండాక, తలుపు వేసేముందు, సీల్ నంబర్ కనిపించేలా. ఆ నంబర్‌ను బీఎల్ (బిల్ ఆఫ్ లేడింగ్, ఓడ కంపెనీ ఇచ్చే సరుకు రసీదు) డ్రాఫ్ట్‌తో మీరే సరిచూసుకోండి, ఏజెంట్‌కు వదిలేయకండి.