సింథ్‌లో హమ్ వస్తోందా? పవర్ సప్లైని లోడ్ పెట్టి చూడండి

యూరోర్యాక్ (విడివిడి మాడ్యూళ్లను జోడించి కట్టుకునే సింథసైజర్) మాడ్యూళ్లకు కావాల్సింది ప్లస్ 12, మైనస్ 12 వోల్టులు. కొన్నిటికి 5 వోల్టులు కూడా కావాలి. సొంతంగా కట్టుకునేవాళ్లు ఎక్కువగా 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్, బ్రిడ్జి, రెండు పెద్ద కెపాసిటర్లు, 7812, 7912 రెగ్యులేటర్ ఐసీలతో (వోల్టేజీని 12 దగ్గర నిలిపేవి) సప్లై చేసుకుంటారు. మీటరు పెడితే రెండు వైపులా 12 చక్కగా చూపిస్తుంది. మాడ్యూళ్లు తగిలించగానే హమ్ మొదలు. లోడ్ (కరెంటు లాగేది) లేకుండా తీసిన రీడింగు ఇలాంటి తప్పును పట్టివ్వదు.

ముందు ప్లగ్ పీకి, పెద్ద కెపాసిటర్ల మీద 1 కిలోఓమ్ అర వాట్ రెసిస్టర్‌ను అర నిమిషం ఆనించి చార్జ్ దించండి. మాడ్యూళ్లన్నీ విప్పేయండి. ప్లస్ 12కి, గ్రౌండ్‌కి మధ్య, తర్వాత మైనస్ 12కి, గ్రౌండ్‌కి మధ్య ఓమ్‌లు చూడండి. సున్నాకి దగ్గరగా వస్తే షార్ట్ ఉన్నట్టే. కొత్తగా కట్టిన సప్లై అయితే మొదటిసారి 60 వాట్ల పాతకాలపు ఫిలమెంట్ బల్బుని ట్రాన్స్‌ఫార్మర్‌కి వెళ్లే ఇంటి కరెంటు తీగకు సీరీస్‌లో పెట్టి కరెంటివ్వండి. బల్బు నిండుగా వెలిగి అలాగే ఉండిపోతే వెంటనే ఆపేయండి.

షార్ట్ దొరికితే ముందు అనుమానించాల్సింది హీట్‌సింక్‌ని. 7812 వెనక రేకు గ్రౌండ్, 7912 వెనక రేకు ఇన్‌పుట్. రెండిటినీ కరెంటు దాటనివ్వని మైకా, ప్లాస్టిక్ బుష్ లేకుండా ఒకే హీట్‌సింక్‌కి బిగిస్తే నెగటివ్ వైపు షార్టే. కాళ్లూ ఒకటి కావు: అక్షరాలున్న వైపు నుంచి చూస్తే 7812కి ఎడమ నుంచి ఇన్‌పుట్, గ్రౌండ్, ఔట్‌పుట్, 7912కి గ్రౌండ్, ఇన్‌పుట్, ఔట్‌పుట్.

ఇప్పుడు లోడ్ పరీక్ష. 47 ఓమ్‌ల 10 వాట్ల రెసిస్టర్ ఒక్కోటి 255 మిల్లీయాంపులు లాగుతుంది. ఒక్కో వైపు ఔట్‌పుట్‌కి, గ్రౌండ్‌కి మధ్య రెండేసి ప్యారలల్‌గా కలిపితే సుమారు అర యాంపు. రెసిస్టర్లు బాగా కాలతాయి, టేబుల్ మీద ఆనించకండి. లోడ్ ఉండగా ఔట్‌పుట్ 11.5కీ 12.5కీ మధ్య నిలవాలి. దానికన్నా ముఖ్యం రెగ్యులేటర్ ఇన్‌పుట్: అది ఏ క్షణంలోనూ సుమారు 14.5 వోల్టుల కిందికి పడకూడదు.

చాలా సప్లైలు పడిపోయేది ఇక్కడే. 12 వోల్టుల ఏసీకి పీక్ 17. డయోడ్ పోగా 16 మిగులుతుంది. 2200 మైక్రోఫారడ్ కెపాసిటర్ మీద అర యాంపు లాగితే ఒక్కో తరంగానికీ 2.3 వోల్టులు దిగుతుంది, అంటే 13.7. రెగ్యులేటర్‌కి చాలదు, 100 హెర్ట్జ్ హమ్ నేరుగా ఔట్‌పుట్‌లోకి వచ్చేస్తుంది. 4700 వేస్తే 15 దగ్గర నిలుస్తుంది. కానీ సాయంత్రం లో వోల్టేజీలో ఇంటి కరెంటు 200కి పడితే పీక్ 14కి వచ్చేస్తుంది, ఎంత కెపాసిటర్ పెట్టినా లాభం లేదు. అర యాంపు దాటే కేసుకి (మాడ్యూళ్లు బిగించే పెట్టెకి) 15-0-15 ట్రాన్స్‌ఫార్మరే సరి. కెపాసిటర్లు 35 వోల్టులవి ఉండాలి. ఒక్కో రెగ్యులేటర్ సుమారు 4 వాట్లు వేడిగా వదులుతుంది, హీట్‌సింక్ విషయంలో పీనాసితనం వద్దు.

చవక మీటర్లలో ఏసీకి అన్నిటికన్నా చిన్న రేంజి 200 వోల్టులే ఉంటుంది. దానితో రిపుల్ (డీసీ మీద మిగిలే ఎగుడుదిగుడు) కొలవబోవడం దండగ. లోడ్ పెట్టగానే డీసీ ఎంత జారిందో చూసుకోండి, ఆసిలోస్కోప్ ఉంటే ఇంకేం కావాలి.

ఒక వైపు అసలు పైకి లేవకుండా 0.6 వోల్టుల దగ్గర, అదీ తలకిందుల పోలారిటీతో ఆగిపోతే రెగ్యులేటర్ లాచ్ అయినట్టు, అంటే ఆ స్థితిలోనే ఇరుక్కుపోయినట్టు. రెండు ఔట్‌పుట్‌ల నుంచి గ్రౌండ్‌కి 1ఎన్4002 డయోడ్లు రివర్స్‌లో వేయండి. 7812కి డయోడ్ మీది పట్టీ వైపు ఔట్‌పుట్‌కి, 7912కి పట్టీ వైపు గ్రౌండ్‌కి. 7912 కాళ్ల దగ్గరే 1 మైక్రోఫారడ్ టాంటలమ్ లేకపోతే అది ఆసిలేట్ కావొచ్చు, అంటే ఔట్‌పుట్ నిలకడ లేకుండా ఊగొచ్చు.

సప్లై నికార్సుగా ఉన్నా ఎల్ఈడీ వెలిగినప్పుడల్లా ఆసిలేటర్ శ్రుతి కదిలితే తప్పు గ్రౌండ్ తీగది. అర యాంపు వెళ్లే గ్రౌండ్‌లో 0.02 ఓమ్ ఉన్నా 10 మిల్లీవోల్టులు తేడా వస్తుంది. శ్రుతిని నడిపే వోల్టేజీలో ఒక సెమిటోన్ (పక్కపక్క స్వరాల మధ్య దూరం) 83 మిల్లీవోల్టులే కాబట్టి అది చెవికి తెలుస్తుంది. గ్రౌండ్‌కి లావు తీగ వేసి, ఎల్ఈడీలు ఎక్కువున్న మాడ్యూళ్లకు సప్లై నుంచి విడిగా లాగండి. చివరికి మాడ్యూళ్లను ఒక్కొక్కటే తగిలించండి: రిబ్బన్ కేబుల్ ఎర్ర గీత మైనస్ 12 వైపు ఉండాలి. 10 పిన్నుల కేబుల్ తిరగబడితే ప్లస్, మైనస్ తారుమారై ఐసీలు కాలిపోతాయి.