జర్నల్‌కు చిన్న రీసెర్చ్ పేపర్ పంపే ముందు జాగ్రత్తలు

తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీలోనో, ఐసర్ సైన్స్ సంస్థలోనో, స్విమ్స్ ఆసుపత్రిలోనో పనిచేస్తూ, ఒకటి రెండు గ్రాఫుల్లో తేలిపోయే ఫలితం చేతిలో ఉన్నవాళ్ల కోసం ఇది.

పేరు చూసి మోసపోవద్దు. ‘లెటర్’ అనే మాటకు ఒక్కో జర్నల్‌లో ఒక్కో అర్థం. ఫిజికల్ రివ్యూ లెటర్స్ అనే ఫిజిక్స్ జర్నల్‌లో అది పూర్తిస్థాయి కొత్త పరిశోధన. హద్దు 3,750 పదాలు, బొమ్మలూ సమీకరణాలూ ఆ లెక్కలోకే వస్తాయి. న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన వ్యాసం మీద ఎడిటర్‌కు రాసే లెటరైతే 175 పదాలు, గడువు ఆ వ్యాసం వచ్చాక 3 వారాలే. జామా అనే మెడికల్ జర్నల్‌లో రీసెర్చ్ లెటర్‌కు మళ్లీ సొంత డేటా కావాలి, అదీ 600 పదాల్లో. అందుకే పంపబోయే జర్నల్‌లో అదే రకం పేపర్లు రెండు తీసి, పక్కన పెట్టుకుని రాయండి.

షార్ట్ కమ్యూనికేషన్ అంటే సగంలో ఆగిన పని కాదు. చిన్నదైనా పూర్తయిన ఫలితం. కంట్రోల్ ప్రయోగం, అంటే పోల్చి చూసుకోవడానికి చేసేది, మిగిలి ఉంటే ఆగండి. ఒకే పనిని మూడు ముక్కలు చేసి మూడు చోట్లకు పంపడం మాత్రం దయచేసి వద్దు. చదివేవాళ్లకు అది అన్యాయం.

ఒక రోగి గురించి రాసే కేస్ రిపోర్ట్‌కు ఆ రోగి రాతపూర్వక అనుమతి ముందే తీసుకోండి. ఎక్స్‌రే మూలలో పేరు, ఓపీ నంబర్ కనిపిస్తే చెరిపేయండి.

పీహెచ్‌డీకి ఈ రకం పేపర్ లెక్కలోకి వస్తుందో లేదో గైడ్ సార్‌నో మేడమ్‌నో ఇప్పుడే అడగండి, తర్వాత టెన్షన్ ఉండదు.