బోర్డు టెస్ట్ షూట్ చేసేటప్పుడు సర్ఫర్‌ని కాదు, బోర్డుని చూడండి

మంచి సర్ఫర్‌కి ఏ సర్ఫ్‌బోర్డు ఇచ్చినా ఎలాగోలా నడిపించేస్తాడు, బోర్డు ఎలా పనిచేస్తుందో చూడ్డానికి తీసే టెస్ట్ వీడియోలకి పెద్ద చిక్కు ఇదే. బోర్డు వెనక కొస, అదే టెయిల్, జారుతుంటే వెనక కాలు కాస్త జరిపి సర్దేసుకుంటాడు, ముక్కు నీళ్ళలోకి దిగబోతుంటే బరువు వెనక్కి వేసేస్తాడు, చూసేవాళ్ళకేమో అబ్బ ఏం టర్న్ కొట్టాడ్రా అనిపిస్తుంది. బోర్డు చేసిన షేపర్‌కి కావాల్సింది మాత్రం ఆ సర్దుబాటే, అది కనపడేలా తీయాలి.

ముందు బోర్డుల సంగతి తేల్చుకోండి. పోల్చి చూసే రెండు బోర్డుల మధ్య ఒక్క తేడానే ఉండాలి, రాకర్ (ముక్కు నుంచి టెయిల్ దాకా బోర్డుకుండే వంపు) మారిస్తే రాకర్ ఒక్కటే. బోర్డు అడుగున ఉండే రెక్కలు, అదే ఫిన్లు, మాత్రం రెండిట్లోనూ అవే ఉండాలి, ఎందుకంటే ఫిన్లు మారితే బోర్డు స్వభావమే మారిపోతుంది. 1980లో ఆస్ట్రేలియా సర్ఫర్ సైమన్ ఆండర్సన్ థ్రస్టర్ అనే మూడు ఫిన్ల బోర్డు తయారుచేసి 1981లో అక్కడి బెల్స్ బీచ్ పోటీలో దాని మీదే గెలిచాక ప్రపంచమంతా అటు తిరిగిపోయింది, ఫిన్ల ప్రభావం అంత ఉంటుంది. ముక్కు దగ్గర పైనా కిందా రంగు టేప్ వేయండి, దూరం నుంచి ఏ బోర్డో తెలియాలిగా. ఏ బోర్డులో ఏం మార్చారో సర్ఫర్‌కి చెప్పకపోతే ఇంకా మంచిది.

కెమెరా కాస్త ఎత్తులో పెట్టండి, ఒడ్డున కింద కూర్చుంటే ముందొచ్చే అల అడ్డొచ్చి బోర్డు సగం కనపడదు. సూర్యుడు మీ వెనక ఉండాలి, ట్రైపాడ్ గట్టిగా ఉండాలి. 120 ఎఫ్‌పీఎస్‌లో, అంటే సెకనుకి 120 ఫ్రేములు, తీస్తే 30లో ప్లే చేసినప్పుడు నాలుగు రెట్లు స్లో అవుతుంది, షట్టర్ స్పీడ్ 1/1000 సెకను దగ్గర పెట్టండి. సినిమాలా మెత్తగా కనపడాలని షట్టర్ స్పీడ్ తగ్గిస్తే బోర్డు అంచు, అదే రెయిల్, మసకబారిపోతుంది, ఇక్కడ అందం కన్నా ఆ అంచే ముఖ్యం. ఎక్స్‌పోజర్ నురగని చూసి సెట్ చేసి లాక్ చేసేయండి, లేదంటే తెల్ల నురగ కాలిపోయి టెయిల్ దగ్గర ఏం జరుగుతుందో కనపడదు.

మరీ జూమ్ చేయొద్దు, చాలామంది ఇక్కడే పాడుచేస్తారు. అల పైఅంచు, కింద అడుగు రెండూ ఫ్రేమ్‌లో ఉంటేనే బోర్డు ఎంత కిందకి దిగి ఎక్కడ తిరిగిందో అర్థమవుతుంది. రికార్డింగ్ కూడా లేచి నిలబడ్డాక కాదు, చేతులతో నీళ్ళు తోస్తూ ప్యాడిల్ మొదలుపెట్టగానే ఆన్ చేయాలి, ఎన్ని చేతులు వేస్తే అల అందుకుందో లెక్కపెడితే బోర్డు వాల్యూమ్ (ఎంత తేలుతుందో చెప్పే ఘనపరిమాణం), రాకర్ గురించి చాలా తెలుస్తుంది. తర్వాత అల అడుగున తిప్పే బాటమ్ టర్న్‌లో రెయిల్ పట్టి ఉందా వదిలేస్తుందా, అల చదునైన చోట స్పీడ్ చచ్చిపోతుందా, వెనక కాలు ఎన్నిసార్లు కదిలింది, ఇవి చూడండి. నీళ్ళు ఎంత ఎత్తుకి ఎగిరాయన్నది నా దృష్టిలో పెద్ద విషయం కాదు.

డ్రోన్ ఉంటే పైనుంచి బోర్డు గీసిన దారి భలే తెలుస్తుంది, కాకపోతే అక్కడ ఎగరేయడానికి అనుమతి ఉందో లేదో చూసుకోండి, సర్ఫర్ల తల మీదకి తేవద్దు. టెస్ట్ బోర్డు ముక్కుకి యాక్షన్ కెమెరా తగిలించడం మాత్రం నాకు అస్సలు ఇష్టం ఉండదు, ముక్కు మీద బరువు పడితే మనం పరీక్షిస్తున్న బోర్డే మారిపోయినట్టు కదా.

ఆటుపోట్లతో అల మారిపోతూ ఉంటుంది కాబట్టి పొద్దున ఒకటి సాయంత్రం ఒకటి కాకుండా, కొన్ని అలలకోసారి బోర్డులు మార్పించండి. ప్రతి అలకీ "ఎర్ర టేప్, మూడో అల, కుడివైపు" అని మైక్‌లో చెప్పేయండి, ఎడిటింగ్‌లో ప్రాణం లేచొస్తుంది. సర్ఫర్ నీళ్ళలోంచి రాగానే, క్లిప్ చూపించకముందే ఎలా అనిపించిందో చెప్పించి రికార్డ్ చేసుకోండి, ఎందుకంటే వీడియో చూశాక తన మాటే మారిపోతుంది.

చివరికి రెండు బోర్డుల క్లిప్పులు పక్కపక్కన పెట్టి, కాళ్ళు బోర్డు మీద పడిన ఫ్రేమ్ దగ్గర కలపండి. షేపర్‌కి పంపేటప్పుడు పడిపోయిన అలలు కూడా కట్ చేయకుండా పంపండి, ఆయన ఎక్కువసేపు చూసేది వాటినే.