టవర్ స్పీకర్లు సరిగా పలకడం లేదా? పెట్టె విప్పే ముందు ఇవి చూడండి

మా ఇల్లు కడపలో. పటసాలలో ఒక జత టవర్ స్పీకర్లు పెట్టుకుని 8 ఏళ్లయింది. మూడున్నర అడుగుల ఎత్తు, ఒక్కొక్కటి 20 కిలోల పైమాటే. మా ఇంట్లోవి కాక అనంతపురంలో మా చిన్నాయన వాళ్లవి, కర్నూలులో మా బావవి, ఇంకా తెలిసినవాళ్లవి ఓ పది జతలు నేనే దగ్గరుండి సర్దాను. "స్పీకర్ పోయింది, ఒకసారి వచ్చి చూడు" అని పిలిచిన ఇళ్లలో చాలాసార్లు స్పీకర్ బాగానే ఉండేది. తప్పు వైరులోనో, నిలబెట్టిన చోటులోనో, కింద పరిచిన బండల్లోనో దొరికేది. అందుకే ముందు పైసా ఖర్చు లేని పనులు రాస్తున్నాను. మెకానిక్ సంగతి చివర్లో చూద్దాం.

కొత్తవే, కానీ బేస్ లేదు, గొంతు ఎటునుంచి వస్తోందో తెలియడం లేదు

మా చిన్నాయనకు జరిగింది ఇదే. "ఇంత డబ్బు పోసి కొంటే పాత డబ్బా మాదిరే మోగుతాండాది కదప్పా" అని ఫోన్ చేశాడు. వెళ్లి వెనకాల చూస్తే కుడి స్పీకరుకు ఎర్ర వైరు నల్ల టెర్మినల్‌లో, నల్ల వైరు ఎర్ర టెర్మినల్‌లో ఉన్నాయి. బిగించడానికి వచ్చిన అబ్బాయి తొందరలో మార్చేశాడు. అలా ఒక్కదానికి తిరగబడితే ఒక స్పీకర్ కోను (ముందు కనపడే గరాటు లాంటి పొర) ముందుకు వస్తున్నప్పుడు రెండోది వెనక్కి పోతుంది. ఇద్దరు ఒకే తలుపును చెరోవైపు నుంచి తోసినట్టు బేస్ అక్కడికక్కడే చచ్చిపోతుంది.

దీన్ని చెవితోనే పట్టుకోవచ్చు. 1950లు, 60ల నాటి మన సినిమా పాటలు మోనో రికార్డింగులు. తర్వాత స్టీరియోగా మార్చినవి కాకుండా పాత రికార్డింగే ఒకటి పెట్టండి. రెండు పెట్టెల్లోనూ ఒకటే ధ్వని కాబట్టి గొంతు సరిగ్గా నడుమ నుంచి, అక్కడ మనిషి నిలబడి పాడుతున్నట్టు రావాలి. అలా కాకుండా గది నిండా పరుచుకుని, తల కొంచెం తిప్పితే జరిగిపోతుంటే వైరు తిరగబడిందనే అర్థం.

వైరుకు రంగు గుర్తు లేకపోతే పెన్సిల్ సెల్ తెచ్చుకోండి. యాంప్లిఫయర్ ఆపి, స్పీకర్ వైరు రెండు కొసలూ యాంప్ నుంచి ఊడదీయండి. ఒక కొసను సెల్ ప్లస్‌కు, ఇంకోదాన్ని మైనస్‌కు ఒక్క క్షణం తాకించి తీసేయండి. టప్‌మని చిన్న చప్పుడొచ్చి పెద్ద కోను కొంచెం కదులుతుంది. పక్కన ఇంకొకరు టార్చి వేసి చూస్తే బాగా తెలుస్తుంది. ముందుకు వస్తే ప్లస్‌కు తాకిన కొస ఎర్ర టెర్మినల్‌ది. లోపలికి పోతే నల్లదానిది. వూఫర్‌ను, అంటే బేస్ పలికే ఆ పెద్ద కోను స్పీకరును మాత్రమే చూడండి. మధ్య స్పీకరును కొన్ని కంపెనీలు కావాలనే తిప్పి కలుపుతాయి.

వైరు పట్టుకున్నప్పుడే కొసలు కూడా చూడండి. చిన్నాయన వాళ్లింట్లో వెంట్రుకంత సన్నటి రాగి పోగు ఒకటి పక్క టెర్మినల్‌ను తాకడానికి ఇంక పిసరంత దూరంలో ఉంది. అది తాకితే షార్టయి యాంప్ ఆగిపోతుంది, ఒక్కోసారి కాలిపోతుంది కూడా. కొస నల్లబడి ఉంటే అంగుళం కత్తిరించి, మళ్లీ ఒలిచి, పోగులన్నీ గట్టిగా మెలితిప్పి బిగించండి. 15 అడుగుల లోపైతే ఒకటిన్నర స్క్వేర్ ఎం.ఎం. రాగి వైరు చాలు, అంతకు మించితే రెండున్నర వేయండి. డబ్బాలో ఉచితంగా వచ్చే దారం లాంటి వైరు వద్దు.

వెనక నాలుగు టెర్మినళ్లుంటే పై జతకూ కింది జతకూ మధ్య రెండు చిన్న ఇత్తడి పట్టీలుంటాయి. అవి వదులైతే వైరు కింద బిగించినప్పుడు ట్వీటర్ (పై స్థాయి పలికే చిన్న స్పీకర్) మూగబోతుంది, పైన బిగించినప్పుడు వూఫర్ మూగబోతుంది. తుడిచేటప్పుడు వాటిని ఊడదీసి పక్కన పెట్టి మర్చిపోయిన ఇల్లు కూడా చూశాను.

బేస్ బుంగలో మోగినట్టుంది, ఒకే శ్రుతి గుమ్మని మిగిలిపోతోంది

నాకు అందరికంటే ఎక్కువగా వచ్చే ఫిర్యాదు ఇది. మన ఇళ్లకు దీనితో దగ్గరి సంబంధం ఉంది. సిమెంటు మిద్దె, ఇటుక గోడలు, కింద కడప బండలో బేతంచెర్ల బండలో తాడిపత్రి బండలో. బేస్‌కు బయటికి పోయే దారే లేదు, గోడకూ గోడకూ కొట్టుకుని పెరుగుతుంది.

లెక్క చిన్నదే. ధ్వని సెకనుకు సుమారు 345 మీటర్లు పోతుంది. 12 అడుగుల గది అంటే 3.66 మీటర్లు. దాన్ని రెట్టింపు చేసి 345ను భాగిస్తే 47 వస్తుంది. అంటే ఆ గదిలో 47 హెర్ట్జ్ దగ్గర బేస్ గోడల పక్కన ఉబ్బుతుంది, గది నడుమ పలచబడుతుంది. గది 12 బై 12 చదరమైతే పొడవుకూ వెడల్పుకూ అదే అంకె వచ్చి బాధ రెట్టింపవుతుంది. చిన్న స్పీకర్లు ఆ లోతుకు దిగవు కాబట్టి వాటితో తెలియదు. టవర్లు దిగుతాయి. కనుక గది లోపాన్ని బయటపెట్టేది మంచి స్పీకరే.

మూలలో పెడితే రెండు గోడలూ నేలా కలిసి బేస్‌ను ఇంకా ఎగదోస్తాయి. ముందు మూల నుంచి బయటికి లాగండి. వెనక గోడకు రెండడుగులు, పక్క గోడకు అడుగున్నర ఉండేలా చూడండి. మా ఇంట్లో తొమ్మిది అంగుళాలు ముందుకు జరిపినప్పుడే తబలా ఎడమ చేతి దెబ్బలు విడివిడిగా వినపడ్డాయి. అంతకుముందు అవన్నీ ఒకే ముద్దగా ఉండేవి. సోఫా వెనక గోడకు ఆనుకుని ఉంటే దాన్నీ ఒకటిన్నర అడుగు ముందుకు జరపండి. చాలామంది స్పీకర్లను తిప్పలు పెడతారు గానీ కూర్చునే చోటు మార్చరు.

గదిలో అంత జాగా లేదంటే వెనక గుండ్రటి రంధ్రముంటుంది చూడండి, అందులో స్పాంజి మూత పెట్టండి. కంపెనీ మూత ఇవ్వకపోతే శుభ్రంగా ఉతికిన పాత సాక్సు జత చుట్టి, లోపలికి జారిపోకుండా పెట్టినా ఆ పని చేస్తుంది. బేస్ కొంచెం తగ్గుతుంది, కానీ స్పష్టత వస్తుంది. నాకైతే ఆ బేరం నచ్చింది.

గొంతు చెవిలో గుచ్చుతోంది, పది నిమిషాలకే తలనొప్పి

గది నడుమ నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. వెంట టింగ్‌మని తోక లాంటి శబ్దం వస్తే తప్పు ట్వీటరుది కాదు, బండలది. నున్నగా పాలిష్ పట్టిన బండ పై స్థాయి ధ్వనిని అద్దం వెలుతురును తిప్పికొట్టినట్టు తిప్పికొడుతుంది. మీ చెవికి పాట ఒకసారి స్పీకర్ నుంచి, వెంటనే ఇంకోసారి నేల నుంచి వస్తుంది.

స్పీకర్లకూ సోఫాకూ మధ్య నేల మీద మందపాటి జంపఖానా పరవండి. పలచటి ప్లాస్టిక్ చాప పనికిరాదు. కిటికీలకు మందమైన గుడ్డ కర్టెన్లు వేయండి. మా చిన్నాయన వాళ్లింట్లో పెట్టెలో మడిచి పెట్టిన గొర్రె బొచ్చు కంబళి ఉండేది, అనంతపురం వైపు నేసిందే. సోఫా వెనక గోడకు దాన్ని వేలాడదీశాం. అంతకుముందు "స"కారం వచ్చినప్పుడల్లా పిన్ని మొహం చిట్లించేది. ఆ రోజు సాయంత్రం వంటింట్లోంచి వచ్చి కూర్చుని నాలుగు పాటలు వింది. పుస్తకాల అల్మరా ఉంటే ఇంకా మంచిది.

ట్వీటర్ చెవి ఎత్తులో ఉండాలి. కుర్చీలో కూర్చుంటే నేల నుంచి 36 నుంచి 40 అంగుళాలు. కింద పరుపు వేసుకుని వినేవాళ్లు స్పీకర్ ముందు భాగాన్ని కొంచెం కిందికి వంచాలి. వంచాక తూలకుండా ఉందో లేదో చేత్తో నెట్టి చూడండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే వంచొద్దు.

పాట ఆపినా గుయ్యిమని మోత

మన కరెంటు 50 హెర్ట్జ్, ఆ మోత దానిదే. యాంప్ ఆపి, వెనక ఇన్‌పుట్ వైర్లన్నీ పీకేసి, యాంప్ ఒక్కదాన్నే మళ్లీ ఆన్ చేయండి. మోత పోయిందా, యాంపు మంచిదే. వైర్లను ఒక్కొక్కటే తగిలిస్తూ పోతే దొంగ దొరుకుతుంది. ఎక్కువగా కేబుల్ టీవీ వైరే. అది ఒక చోట ఎర్త్ అవుతుంది, యాంప్ ఇంకో చోట. రెండింటి మధ్య చుట్టులా కరెంటు తిరిగి మోత వస్తుంది. అన్నీ ఒకే బోర్డుకు తగిలించండి. టీవీ నుంచి యాంప్‌కు ఆప్టికల్ కేబుల్ వేస్తే ఆ చుట్టు తెగిపోతుంది, ఎందుకంటే అందులో పోయేది వెలుతురు, కరెంటు కాదు.

కొందరు యాంప్ ప్లగ్గుకున్న మూడో పిన్ను తీసేస్తారు. మోత తగ్గుతుంది, నిజమే. కానీ లోపల ఏదైనా తెగితే ముట్టుకున్న మనిషికి షాక్ కొడుతుంది. దయచేసి ఆ పని చేయొద్దు, చేయనివ్వొద్దు.

యాంప్ బాడీ ముట్టుకుంటే జిల్లుమంటుంటే మాత్రం ఇంటి ఎర్త్ చూపించాలి. మన నేల ఏప్రిల్, మే నెలల్లో ఎండిపోతుంది. ఎర్త్ గుంతలో తడి లేకపోతే అది ఉన్నా లేనట్టే. ఎలక్ట్రీషియన్‌తో కొలిపించండి. బొగ్గూ ఉప్పూ వేసిన పాత గుంతైతే ఎండాకాలంలో వారానికోసారి రెండు బిందెల నీళ్లు పోయండి.

కరెంటు పోయినప్పుడే గరగర మొదలైతే అది ఇన్వర్టర్ పని. స్క్వేర్ వేవ్ రకంతో అలాగే ఉంటుంది, సైన్ వేవ్ రకం వేస్తే పోతుంది.

సౌండ్ పెంచితే చీలిపోతోంది

మా బావ కూతురి పుట్టినరోజుకు పెద్ద టవర్లను చిన్న యాంప్‌తో గంటల తరబడి పూర్తి సౌండులో మోగించారు. మర్నాడు ఒక పక్క ట్వీటర్ లేదు. చిన్న యాంప్‌తో పెద్ద స్పీకర్ ఏం పాడవుతుందిలే అనుకుంటారు. శక్తి చాలక యాంప్ ధ్వని కొసలు కోసేస్తుంది, ఆ కోసిన ధ్వనిలో పై స్థాయి ఎక్కువై సన్నటి ట్వీటర్ కాయిల్ వేడెక్కి తెగిపోతుంది. గొంతు చీలడం మొదలైన చోటే ఆగి, నాబ్ రెండు గీతలు వెనక్కి తిప్పండి.

ట్వీటర్ పోయిందా లేదా అని వెనక టెర్మినళ్ల మీద మల్టీమీటర్ పెట్టి చూస్తే తెలియదు. దాని దారిలో కెపాసిటర్ అడ్డం ఉంటుంది కాబట్టి మీటర్‌కు వూఫర్ ఒక్కటే కనపడుతుంది, 8 ఓమ్స్ స్పీకరుకు 6 దగ్గర చూపిస్తుంది. ట్వీటర్ వైర్లు విడదీసి నేరుగా కొలవాలి. ముల్లు కదలకపోతే కాయిల్ పోయినట్టే. అదే కంపెనీది, అదే మోడల్‌ది వేయించండి. దొరికింది వేస్తే రెండు పక్కలా రెండు రకాల గొంతులు వస్తాయి.

వారంటీ ఉంటే స్క్రూ ముట్టుకోకుండా బిల్లు తీసుకుని కొన్న చోటికి వెళ్లండి.

టీవీలో మాటలు వినపడవు, పాటలు మాత్రం మోత

టీవీ సెట్టింగుల్లో ఆడియో ఔట్‌పుట్‌ను పీసీఎం, స్టీరియోకు మార్చండి. మాటల కోసం నడుమ స్పీకర్ ఉంటుందనుకుని పంపే ధ్వని ఉంటుంది, రెండు స్పీకర్ల యాంప్‌కు అది సరిగా అందదు.

ఎక్కడో ఏదో గిలగిలలాడుతోంది

ఫోన్‌లో టోన్ వాయించే యాప్ పెట్టి, తక్కువ సౌండులో 30 నుంచి 200 హెర్ట్జ్ వరకు నెమ్మదిగా పెంచుతూ పోండి. మా ఇంట్లో దొరికింది షోకేసు అద్దం. ఇంకో ఇంట్లో అటక మీది స్టీలు గిన్నెలు. కింద గుల్లగా ఉన్న బండ కూడా అదురుతుంది, కాలి మడమతో కొడితే డొల్ల శబ్దం వస్తుంది. స్పీకర్ కింది మేకుల అడుగున ఒక్కో రూపాయి బిళ్ల పెడితే బండ గీసుకుపోదు.

పాత జత: గరగర, గొంతు బొంగురు

గుడ్డ తీసి కోను చుట్టూ ఉన్న అంచు చూడండి. స్పాంజి అంచైతే 10, 15 ఏళ్లకు పొడిపొడిగా రాలుతుంది. రబ్బరుదైతే చాలాకాలం ఉంటుంది. అంచు ఒక్కటే పోతే కొత్తది అతికించుకోవచ్చు, మొత్తం స్పీకర్ పారేయక్కర్లేదు. అంచు బాగుంటే రెండు చేతుల వేళ్లూ సమంగా ఆనించి కోనును మెల్లగా లోపలికి నొక్కండి. గీరుకున్నట్టు తగిలితే కాయిల్ రాసుకుంటోంది, అది మెకానిక్ పని. ట్వీటర్ గుండుకు మాత్రం వేలు కూడా తగలనివ్వొద్దు.

నాబ్ తిప్పినప్పుడే గరగరమంటే అది దుమ్ము. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఇరవై సార్లు అటూ ఇటూ తిప్పండి. కిరోసిన్ వద్దు.

ఇంకొకటి, వెనక రంధ్రంలోకి బల్లులు దూరతాయి. మా కుడి స్పీకరులో రాత్రిపూట టకటకమని చప్పుడొస్తే వూఫర్ విప్పించాను. లోపల దూది మీద గుడ్లు పెట్టి ఉన్నాయి. అప్పటి నుంచి రెండు రంధ్రాలకూ దోమతెర ముక్క బిగుతుగా కట్టి పెట్టాను. సంక్రాంతికి ఇల్లు దులిపేటప్పుడు దాన్నీ తీసి ఉతుకుతాం.