మౌస్ శుభ్రం చేసే పరికరానికి పేటెంటు: దరఖాస్తు చేసేదెలా?

బాల్ మౌస్ కాలంలో పాయింటరు మొరాయిస్తే మౌస్‌ను వెల్లకిలా తిప్పి, మూత ఊడదీసి, లోపలి రోలర్లకు పట్టిన నల్లటి మడ్డిని గోటితో గీకేవాళ్లం. ఆప్టికల్ మౌస్ వచ్చాక బంతి పోయింది గానీ బాధ పూర్తిగా పోలేదు. అడుగునున్న బుల్లి కెమెరా సెకనుకు వెయ్యికి పైగా ఫొటోలు తీసి, ఒకదానితో ఒకటి పోల్చి మౌస్ ఎటు జరిగిందో లెక్కగడుతుంది. లెన్స్ కంతలో వెంట్రుక పడిందంటే ప్రతి ఫొటోలోనూ అక్కడే కనిపిస్తుంది. బల్ల జరుగుతుంది, వెంట్రుక జరగదు. లెక్క తప్పి పాయింటరు తడబడుతుంది. దీనికి మీ దగ్గర ఉపాయం ఉంటే చదవండి.

దరఖాస్తు పడేదాకా ఎవరికీ చెప్పకండి. యూట్యూబులో వీడియో పెట్టి ఆ తర్వాత పేటెంటు అడిగితే, మీ వీడియోనే మీకు అడ్డు తగులుతుంది.

తర్వాత, ఇలాంటిది ఇదివరకే ఎవరైనా కనిపెట్టారేమో వెతకండి. భారత పేటెంట్ల కోసం ఇన్‌పాస్, విదేశీవాటికి పేటెంట్‌స్కోప్ అనే వెతికే సైట్లు ఉచితం. మాటలతో వెతికితే సరిపోదు. 1967లో దరఖాస్తు చేసి 1970లో మౌస్ సృష్టికర్త డగ్లస్ ఎంగెల్‌బార్ట్ పొందిన పేటెంటు శీర్షికలో ‘మౌస్’ అన్న మాటే లేదు, ‘ఎక్స్-వై స్థాన సూచిక’ అని ఉంటుంది. అందుకే పేటెంట్లను రకాలవారీగా విడగొట్టే వర్గీకరణ సంఖ్యతోనూ చూడాలి: మౌస్‌లాంటి పరికరాలకు జి06ఎఫ్ 3/0354, శుభ్రపరిచేవాటికి బి08బి.

ఎక్కువమంది బోల్తా పడేది వేటికి పేటెంటు ఇవ్వరో చెప్పే 1970 పేటెంట్ల చట్టం 3వ సెక్షను దగ్గర. మౌస్ పక్కన బ్రష్ అతికించి కొత్త పరికరమంటే 3(ఎఫ్) కింద కొట్టేస్తారు, ఎందుకంటే దేని పని అది చేసుకుంటోంది. అదే మౌస్ కదలికతోనే బ్రష్ ఊగి, లెన్స్ కంతను తుడిచి, స్ప్రింగుతో వెనక్కి వెళ్లేలా చేశారనుకోండి, వాదించడానికి చోటు దొరుకుతుంది. ఫొటోలోని మరకను లెక్కలోంచి తీసేసే ప్రోగ్రాము ఒక్కటే ఉంటే 3(కె) అడ్డం వస్తుంది. కేవలం ఆకారమే కొత్తదైతే పేటెంటు దారి వదిలి డిజైను రిజిస్ట్రేషను చూసుకోండి.

ఇక కాగితాలు. ఫారం 1 దరఖాస్తు, ఫారం 2 స్పెసిఫికేషను (ఆవిష్కరణ వివరణ), ఫారం 3 విదేశీ దరఖాస్తుల వివరం, ఫారం 5 ఆవిష్కర్త ప్రకటన. ఏజెంటును పెట్టుకుంటే ఫారం 26. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాళ్లకు చెన్నై గిండీలోని కార్యాలయం. ఆన్‌లైన్‌లో వేస్తే వ్యక్తులకు, స్టార్టప్‌లకు రుసుము 1,600 రూపాయలు. కాగితంపై ఇస్తే పది శాతం ఎక్కువ. 30 పేజీలు, 10 క్లెయిములు (ఏది మీ సొంతమని అడుగుతున్నారో చెప్పే వాక్యాలు) దాటితే అదనం.

ప్రయోగాలు ఇంకా సాగుతుంటే ముందు ప్రొవిజనల్ (తాత్కాలిక) స్పెసిఫికేషను వేసి తేదీ పట్టుకోండి. 12 నెలల్లో పూర్తి స్పెసిఫికేషను ఇవ్వకపోతే వదిలేసుకున్నట్టే. అందులో బొమ్మలు, క్లెయిములు, 150 పదాలు దాటని సారాంశం ఉండాలి. నా మాటగా ఒకటి: క్లెయిములకే ఎక్కువ సమయం పెట్టండి. ‘దుమ్ము తుడిచే మౌస్’ అని రాస్తే పాతవన్నీ అందులోకి వస్తాయి. ఏ ముక్క దేనికి తగిలి ఎలా కదులుతుందో రాయాలి.

దరఖాస్తు వేసినంత మాత్రాన పరీక్ష మొదలవదు. పరీక్షించమని 31 నెలల్లోపు ఫారం 18 వేయాలి, వ్యక్తులకు 4,000. దరఖాస్తుదారుల్లో ఒక్క మహిళ ఉన్నా, స్టార్టప్ అయినా ఫారం 18ఎ కింద త్వరిత పరీక్ష కోరవచ్చు, 8,000. మామూలుగా 18 నెలలకు ప్రచురిస్తారు. తొందరుంటే ఫారం 9.

ఎగ్జామినర్ అభ్యంతరాలు పంపాక జవాబుకు 6 నెలలే. చాలకపోతే ఫారం 4తో మరో 3 నెలలు అడగొచ్చు. అభ్యంతరాలు ఈమెయిల్‌కే వస్తాయి కాబట్టి, స్పామ్ ఫోల్డరు కూడా చూస్తూ ఉండండి.