పాత పికప్‌తో ఎండాకాలం లోడుకి దిగే ముందు

మార్చి వచ్చిందంటే పొదలకూరు, గూడూరు నిమ్మ మార్కెట్లలో రేటు కదలడం మొదలవుతుంది. కందుకూరు, పొదిలి, కనిగిరి వైపు పొగాకు బేళ్లను వేలం కేంద్రాలకు తోలేదీ ఈ నెలల్లోనే. అప్పటిదాకా చింతచెట్టు కింద దుమ్ము కొట్టుకుని ఉన్న పాత బొలెరోలు, టాటా 207లు, టాటా ఏస్‌లు (మన ఊళ్లలో ‘టాటా ఏసీ’ అంటే తప్ప ఎవరికీ అర్థం కాదు) అన్నీ ఒకేసారి రోడ్డెక్కుతాయి. రోహిణి కార్తెకి రోళ్లు పగులుతాయంటారు. అంతకన్నా ముందే మన దగ్గర చాలా ఇంజిన్లు పగులుతాయి.

నాది 2009 మోడల్ పికప్. ఒక మే నెలలో బత్తాయి లోడుతో కనిగిరి నుంచి ఒంగోలు బయల్దేరాను. పొదిలి చేరేసరికి హీట్ మీటర్ ముల్లు సగం దాటింది. హోటల్ దగ్గర ఆపి, బకెట్‌తో బోరు నీళ్లు పోసి, ‘ఇంకెంత, యాభై కిలోమీటర్లే కదా’ అనుకుని కదిలాను. దారిలో ఇంకోసారి ఆపి మళ్లీ పోశాను. చీమకుర్తి ఇంకా రాకముందే బండి లాగడం తగ్గింది, కింద నుంచి కిర్రుమని ఒక చప్పుడు, తర్వాత బండి దానంతటదే ఆగిపోయింది. ఇంజిన్ పట్టేసింది. పొదిలిలోనే ఆపి ఉంటే హెడ్ గాస్కెట్‌తో (ఇంజిన్ పైనుండే హెడ్‌కీ కింది బ్లాకుకీ మధ్య ఉండే రేకు) పోయేది. ఆ యాభై కిలోమీటర్ల తొందరకి మొత్తం ఇంజిన్ పోయింది.

పాత బండి ఇంజిన్‌ని చంపేది ఎండ కన్నా ఎక్కువగా మార్కెట్ టైమే. వెనక కాయ వడలిపోతుంటే ఎవరికీ బండి ఆపబుద్ధి కాదు. అందుకే ఆపాల్సిన అవసరం రాకుండా చేసుకునే పనులు సీజన్‌కి ముందే, లోడు లేనప్పుడే, నిదానంగా చేసుకోవాలి.

ముందు నీళ్ల సంగతి

కనిగిరి, పొదిలి ప్రాంతాల నీళ్లలో ఫ్లోరైడ్ గురించి దేశమంతటికీ తెలుసు. రేడియేటర్‌కి మాత్రం ఫ్లోరైడ్‌తో బాధ లేదు, ఉప్పు నీళ్లలోని సున్నంతోనే బాధ. బోరు నీళ్లు కాచిన గిన్నెకి అడుగున తెల్లగా పొర కడుతుంది చూడండి, అదే పొర రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ, ఇంజిన్ బ్లాకు లోపల నీళ్లు తిరిగే దారుల్లోనూ కడుతుంది. పొర మందం పెరిగేకొద్దీ వేడి బయటికి పోదు. పైనుంచి చూస్తే రేడియేటర్ నిండుగా నీళ్లుంటాయి, ముల్లు మాత్రం పైకే పోతుంది. ‘నీళ్లున్నాయిగా, ఇంకేంది’ అని చాలామంది మోసపోయేది ఇక్కడే.

కాబట్టి ఫిబ్రవరిలోనే రేడియేటర్ దింపించండి. బండి మీదుండగా పైపు పెట్టి కడిగితే బురద పోతుందేమోగానీ పొర పోదు. దింపి, ట్యాంకులు విప్పి, రాడ్ కొట్టించాలి, అంటే సన్న గొట్టాల్లోకి కడ్డీ దూర్చి పొర రాలగొట్టించాలి. ప్లాస్టిక్ ట్యాంకులున్న అల్యూమినియం రేడియేటర్‌కి ఇది కుదరదు. అది మరీ పూడిపోయి ఉంటే మార్చడమే నయం. తర్వాత కూలెంట్ పోయండి. డబ్బా మీద ‘రెడీ టు యూజ్’ అని లేకపోతే దాన్ని సగానికి సగం బ్యాటరీ వాటర్‌తో కలపాలి. నీళ్లు తక్కువైతే తర్వాత కలపడానికి అదే మిశ్రమం ఐదు లీటర్ల క్యాన్‌తో సీటు వెనక పెట్టుకోండి. కూలెంట్ ఖరీదని బోరు నీళ్లు పోసేవాళ్లు నాకు చాలామంది తెలుసు. నేనూ అందులో ఒకణ్నే.

రేడియేటర్ మూతని ఎవరూ లెక్కచేయరు. అది ఉత్త మూత కాదు. లోపల ఒత్తిడి నిలబెడుతుంది కాబట్టే 100 డిగ్రీలకు మరగాల్సిన నీళ్లు 120 దగ్గరకొచ్చినా మరగకుండా ఉంటాయి. రబ్బరు ఎండిపోయిన మూత ఆ ఒత్తిడిని నిలపలేదు. నీళ్లు ముందే మరిగి బయటికి చిమ్మేస్తాయి. కొత్త మూత కొనేటప్పుడు పాతదాని మీద ఉన్న ఒత్తిడి అంకె చూసి అదే తీసుకోండి, పట్టింది కదా అని ఏదో ఒకటి బిగించొద్దు.

థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక నీళ్లని రేడియేటర్‌కి వదిలే వాల్వు) గురించి మా దగ్గర పాత మేస్త్రీలతో పెద్ద పేచీ. ‘ఆ వాల్వు పీకి పారేయన్నా, ఇంక హీట్ ఎక్కదు’ అంటారు. కొన్ని ఇంజిన్లలో దాన్ని తీసేస్తే నీళ్లు రేడియేటర్‌లోకి సరిగా వెళ్లకుండా అడ్డదారిలో ఇంజిన్‌లోకే తిరిగి వస్తాయి, వేడి ఇంకా పెరుగుతుంది. మిగతావాటిలో ఇంజిన్ చలిగా నడిచి అరుగుదల ఎక్కువవుతుంది. కొత్తది వేయించుకోవడమే మంచిది. వేసేముందు గిన్నెలో నీళ్లు కాచి అందులో వేసి చూడండి. నీళ్లు మరిగేలోపు అది తెరుచుకోవాలి.

హోస్ పైపులు చేత్తో నొక్కితే మెత్తగా ఉబ్బినా, గట్టిపడి పగుళ్లు కనిపించినా మార్చేయండి. వాటర్ పంపు కింద తడి, ఫ్యాన్ బెల్టు పగుళ్లు, ఎలక్ట్రిక్ ఫ్యానైతే దాని ఫ్యూజు, ఇవి పది నిమిషాల పని. టైమింగ్ బెల్టు ఉన్న ఇంజిన్ అయితే ఎప్పుడు మార్చారో గుర్తు లేకపోవడమే మార్చాలనడానికి గుర్తు. అది తెగితే వాల్వులు పిస్టన్లకి తగిలి వంగిపోతాయి.

హీట్ మీటర్ అసలు పనిచేస్తోందా? పాత బండ్లలో సగానికి మీటరే చచ్చి ఉంటుంది. ఇంకొక సంగతి, నీళ్లు మొత్తం పోతే సెన్సరుకి నీళ్లు తగలవు కాబట్టి ముల్లు కిందికి దిగుతుంది. పైకెక్కిన ముల్లు ఉన్నట్టుండి పడిపోతే చల్లబడిందని సంతోషపడకండి.

ఇంజిన్ ముందుగా చెప్పేవి

ఏ ఇంజినూ చెప్పకుండా పోదు. ఎక్కడా కారడం లేదు, అయినా రోజూ నీళ్లు తగ్గుతున్నాయి. పొద్దున స్టార్ట్ చేస్తే తియ్యటి వాసనతో తెల్లపొగ, అదీ ఎంతసేపటికీ ఆగదు. చల్లగా ఉన్నప్పుడు మూత తీసి స్టార్ట్ చేస్తే రేడియేటర్‌లో బుడగలు. ఆయిల్ పోసే మూత వెనక పాలు కలిపిన కాఫీ రంగు జిగురు. వీటిలో రెండు కలిసి కనిపిస్తే హెడ్ గాస్కెట్ మీద అనుమానం పెట్టుకోవాల్సిందే. ఆ బండికి ఆ రోజు లోడు ఒప్పుకోవద్దు.

డిప్‌స్టిక్‌లో ఆయిల్ తగ్గితే అందరూ చూస్తారు, పెరిగితే ఎవరూ పట్టించుకోరు. పొయ్యకుండా ఆయిల్ పెరిగిందంటే అందులోకి డీజిలో, నీళ్లో చేరుతున్నాయి. పల్చబడిన ఆయిల్ మీద లోడు లాగితే బేరింగులు కొట్టుకుపోతాయి. కింద నుంచి ‘టక టక’మని గట్టి చప్పుడు, యాక్సిలరేటర్‌తో పాటు పెరుగుతోందంటే పిస్టన్‌కి కలిపే కనెక్టింగ్ రాడ్ బేరింగ్ అయ్యుంటుంది. ఆ చప్పుడుతో నడిపితే రాడ్ బ్లాకుని పగలగొట్టుకుని బయటికొస్తుంది. ఇక ఇంజిన్‌కి విలువ తుక్కు విలువే.

ఆయిల్ ఎర్రలైటు సంగతి వేరు. అది వెలిగితే వంద మీటర్లు కూడా పోవద్దు. వేడికైనా పది నిమిషాలు టైమ్ ఉంటుందేమోగానీ ఆయిల్ ఒత్తిడి పోయిన ఇంజిన్‌కి ఒకటి రెండు నిమిషాలే.

దారిలో జరిగితే

ముల్లు ఎర్రగీత తాకినా, ఆవిరి కనిపించినా పక్కకి తీసి ఇంజిన్ ఆపేయండి. పక్క ఊరి దాకా అని, బంకు దాకా అని అనుకోవద్దు. బండి పూర్తిగా నిలబడేదాకా తాళంచెవి మాత్రం బయటికి లాగొద్దు, స్టీరింగ్ లాక్ పడుతుంది.

మూత జోలికి గంటసేపు పోవద్దు. గుడ్డ చుట్టి తిప్పుతాం అంటారు, మరుగుతున్న నీళ్లు ముఖాన కొడితే ఆ గుడ్డ ఏమీ ఆపదు. కాలుతున్న ఇంజిన్ మీద చన్నీళ్లు గుమ్మరించడమూ అంతే. హెడ్ అక్కడికక్కడే పగులుతుంది. చెయ్యి పెట్టగలిగేంత చల్లబడ్డాక కొంచెం కొంచెంగా పోయండి.

చల్లబడ్డాక తాళం తిప్పితే ‘టక్’మని ఆగిపోయి ఇంజిన్ తిరగడం లేదనుకోండి. బ్యాటరీ డౌన్ అనుకుని నలుగురిని పిలిచి తోయిస్తారు. వద్దు. సిలిండర్‌లోకి నీళ్లు దిగి ఉండొచ్చు. నీళ్లని పిస్టన్ నొక్కలేదు, కాబట్టి వంగేది కనెక్టింగ్ రాడ్డే. అంతవరకు గాస్కెట్‌తో పోయేదాన్ని తోసి తోసి ఇంజిన్ పనికి తెచ్చుకున్నవాళ్లున్నారు. మెకానిక్ వచ్చి ఇంజెక్టర్లో, గ్లో ప్లగ్గులో విప్పి తిప్పి చూసేదాకా ఆగాలి.

చెన్నై-కోల్‌కతా హైవే మీదైతే 1033కి ఫోన్ చేయండి, అది జాతీయ రహదారుల సాయం నంబరు. టంగుటూరు, ముసునూరు, వెంకటాచలం టోల్‌గేట్లలో మీరు దేని తర్వాత ఆగారో చెబితే తొందరగా దొరుకుతారు. చీమకుర్తి దగ్గర గ్రానైట్ రాళ్ల లారీలు రాత్రంతా తిరుగుతుంటాయి. ఆగిన బండిని అవి దూరం నుంచి చూసినా వెంటనే ఆగలేవు. ట్రయాంగిల్ బండికి ఆనించినట్టు కాదు, యాభై మీటర్ల పైన వెనక్కి పెట్టండి. క్లీనర్‌ని బండి కిందికి దూరనీయకండి, లోడు మీద పడుకోనీయకండి.

ఘాట్‌లో ఇంజిన్ ఆగడం అన్నిటికన్నా ప్రమాదం. దోర్నాల నుంచి శ్రీశైలం ఎక్కేటప్పుడో, రాపూరు నుంచి చిట్వేలి దాటేటప్పుడో ఇంజిన్ ఆగిందంటే బ్రేకుకి వ్యాక్యూమ్ సాయం పోతుంది. రెండు మూడు సార్లు తొక్కాక పెడల్ రాయిలా అవుతుంది. బ్రేక్ పని చేస్తూనే ఉంటుంది, కానీ రెండింతల బలంతో తొక్కాలి. కాలు తీసి తీసి తొక్కకుండా ఒకే పట్టున నొక్కి ఆపి, గేరులో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ లాగి, చక్రాల కింద రాళ్లు పెట్టండి. తాడు కట్టి లాగించేటప్పుడూ ఇదే బాధ. తాడు లాగే బండి డ్రైవర్‌కి ఈ విషయం ముందే చెప్పాలి. ఘాట్ దింపడానికి తాడు పెట్టుకోవద్దు, క్రేన్ బండి రావాల్సిందే.

టర్బో (ఇంజిన్‌లోకి గాలి ఎక్కువగా తోసే పంకా) ఉన్న పాత డీజిల్ ఇంజిన్‌కి ఇంకో జబ్బుంది. టర్బో సీలు పోతే ఇంజిన్ తన ఆయిలే తాగి పరిగెడుతుంది. తాళం ఆపినా ఆగదు, వెనక నల్లగానో నీలంగానో పొగ కమ్ముతుంది, అరుపు పెరుగుతూనే ఉంటుంది. బ్రేకు గట్టిగా తొక్కిపట్టి, పెద్ద గేరు వేసి, క్లచ్ ఒక్కసారి వదిలేయండి. ఇంజిన్ ఆగిపోతుంది. అది కుదరకపోతే దిగి దూరంగా పోండి. గాలి పైపుకి అరచెయ్యి అడ్డం పెట్టే సాహసం వద్దు.

ఇక లోడు. దాన్ని వేరే బండికి మార్చి పంపాలి. మీ దారిలో బండ్లున్న ఇద్దరు ముగ్గురి నంబర్లు, అర్ధరాత్రి వస్తే ఎంత కిరాయో సహా ముందే మాట్లాడి పెట్టుకోండి. రోడ్డు పక్కన నిలబడి బేరమాడితే ఆ రేటు మీ చేతుల్లో ఉండదు. నాకు ఆ ఏర్పాటు ఉండుంటే పొదిలిలోనే ఆగేవాణ్ని.

ఇంజిన్ పోయాక

ఆ రోజే ఏ నిర్ణయమూ తీసుకోవద్దు. రోజు కిరాయి పోతోందన్న టెన్షన్‌లో మనం దేనికైనా ఊఁ అంటాం. ముందు హెడ్ విప్పించి, మీరు పక్కనుండి చూడండి. సిలిండర్ గోడల మీద గీతలు లేకుండా, క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) చేత్తో సాఫీగా తిరిగితే హెడ్ పనితో బయటపడొచ్చు. హెడ్‌ని లేత్‌కి పంపితే ఫేసింగ్ (అడుగు చదును చేయడం) ఒక్కటే చేయించి తెచ్చుకోవద్దు, పగులు ఉందో లేదో ప్రెషర్ పెట్టించి చూడమనండి. పగిలిన హెడ్‌ని ఎంత నున్నగా చేసినా నెలకే మళ్లీ విప్పాలి. మార్చిన పాత సామాను మొత్తం తిరిగి ఇమ్మని ముందే చెప్పండి. గొడవ కోసం కాదు, ఏం మార్చారో తెలియడానికి.

సిలిండర్ బోరు, క్రాంకు కూడా పోతే ఖర్చు కాగితం మీద రాయించుకుని, మీ బండి ఇవాళ అమ్మితే ఎంత వస్తుందో దాంతో పక్కపక్కన పెట్టండి. సగం దాటితే నేనైతే చేయించను. ఛాసీ, డెక్కు (లోడు తొట్టి) తుప్పు పట్టకుండా ఉంటే వేరే మాట.

విజయవాడ ఆటోనగర్ నుంచో, నెల్లూరు ఆటోనగర్ నుంచో పాత ఇంజిన్ తెచ్చి వేసేది చాలామంది చేసే పనే. స్టార్ట్ చేసి చూపించకపోతే కొనొద్దు, అదీ చల్లగా ఉన్నప్పుడు. ముందే వేడి చేసి పెట్టారేమో చెయ్యి పెట్టి చూడండి. నంబరు గీకినట్టున్నా, బిల్లు ఇవ్వనన్నా వెనక్కి రండి. దొంగబండి ఇంజిన్ అయితే స్టేషన్ చుట్టూ తిరిగేది మీరే. ఇంజిన్ మారితే ఆర్సీలో నంబరు మారాలి. ఆర్టీవో ఆఫీసులో ముందే అనుమతి అడగండి, ఫైనాన్స్ ఉంటే వాళ్లకీ చెప్పాలి. 8 ఏళ్లు దాటిన రవాణా బండికి ఏటా ఫిట్‌నెస్ ఉంటుంది కదా, నంబరు కలవకపోతే అక్కడ దొరికిపోతారు. మామూలు ఇన్సూరెన్స్ హీటెక్కి పోయిన ఇంజిన్‌కి డబ్బులివ్వదు, ఆ ఆశ పెట్టుకోకండి.

కొత్తగా కట్టిన ఇంజిన్‌కి మొదటి ఆయిల్ 500, 1000 కిలోమీటర్ల మధ్యలో మార్చేయండి, కొత్త భాగాలు అరిగి రాలే మెరుపు పొడి అంతా అందులోనే ఉంటుంది. అప్పటిదాకా సగం లోడే ఎక్కించండి. ఇంకో నాలుగు బస్తాలు వేస్తానని షావుకారు మొండికేస్తే డెక్కు బలంగా లేదని చెప్పండి. ఇంజిన్ పేరు చెబితే వినడు.